దీవెనో, నమస్కారమో

పెద్దల ఆసరా కేంద్రం, టీ గది
మంగళవారం, ఉదయం పది గంటలు

చిరంజీవి చెల్లికి (ఇక్కడి కాగితాల ప్రకారం మా అక్కగారికి),

దీవెనలో నమస్కారాలో, నీకేది చెల్లుతుందో అది ఏరుకో. నేను కులాసా. నువ్వూ బతికే ఉన్నావని మొన్ననే తెలిసింది. అప్పట్నుంచి నా బుర్ర పనిచేయడం మానేసింది.

మనలా ఊళ్ళొదిలి పారిపోయి వచ్చిన ముసలివాళ్ళ కోసం పెట్టిన చోటు ఇది. అరవై అయిదు నిండితే కీళ్ళ వైద్యం, మెత్తటి కుర్చీ. నాకు డెబ్భై. కానీ నా దగ్గరున్న కాగితం నీది కదా, దానికింకా అరవై మూడే! అందుకని నన్ను సాయానికి పెట్టుకున్నారు. నాకంటే చిన్నవాళ్ళు కుర్చీల్లో కూర్చుని, అమ్మాయ్ ఇటో కప్పు అంటారు. నేను మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి అందిస్తాను. నవ్వొస్తే నవ్వు. తొమ్మిదేళ్ళయినా నీ పేరు పెట్టి పిలిస్తే రెండో పిలుపుకి గానీ పలకను. చెవుడనుకుని చెవి మిషను కూడా పెట్టించారు.

సరే, అసలు సంగతి. మన భాష తెలిసిన దుబాసీ ఒకావిడ ఉంది, కళ్ళజోడమ్మ అంటాం. ఆవిడ మొన్న పిలిచి, మీ అక్క దొరికిందండీ అంది. నాకు అక్కెక్కడిది? ఇంటికి పెద్దదాన్ని నేనే! తీరా చూస్తే నా పేరు, నా పుట్టినతేదీ, పైన నీ ఫొటో. ఏడ్చేశాను. మా చెల్లెలండీ అన్నాను. ఆవిడ చెల్లి అని రాసి, తేదీలు చూసి, కొట్టేసి అక్క అని రాసింది. కాదు చెల్లే అన్నాను. మళ్ళీ కొట్టేసింది. ఇక్కడివాళ్ళ భాషలో రెంటికీ ఒకటే మాటట, ఎందుకండీ అంత పట్టుదల అని విసుక్కుంది.

నువ్వు నా దగ్గరికి రావాలంటే శుక్రవారంలోగా నేను సంతకం చెయ్యాలి. ఏ పేరుతో చెయ్యను? నిజం చెబితే నన్నే పంపించేస్తారేమో. చెప్పకపోతే నువ్వు నా పేరుతోనూ, నేను నీ పేరుతోనూ పోతాం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్మ మన కాగితాల సంచులు రెండూ ఒకే తానులో కుట్టింది. బస్సుల దగ్గర తొక్కిసలాటలో మారిపోయాయని చెబితే నమ్ముతారంటావా?

ఇట్లు,
నీ అక్క
(చెల్లి అని చదువుకున్నా తప్పులేదు)

తా.క.: శుక్రవారం దాకా ఆగలేకపోయాను. ఇప్పుడే సంతకం చేసొచ్చాను, నా పేరుతోనే. సంచులు మారిపోలేదే. నీ సంచికి పిన్నీసు ఉంటుందని నాకు తెలుసు. అరవై లోపువాళ్ళకే మొదటి బస్సని గేటు దగ్గర అరుస్తున్నప్పుడు, నువ్వు నాకోసం మంచినీళ్ళు తేవడానికి వెళ్ళావు. నేను నీ సంచి తీసుకుని నాది అక్కడ పెట్టాను. ఆ తర్వాత ఇంకో బస్సు రాలేదని ఎప్పటికో విన్నాను. కళ్ళజోడమ్మకి ఇదంతా చెప్పేశాను. ఆవిడ అంతా రాసుకుంది, ఏం చేస్తారో తెలీదు. పైన ఏరుకోమన్నాను చూడు, ఏరుకోకు. దీవించే మొహం నాకు లేదు. నమస్కారమే తీసుకో.