మన రెండో ఓటు

ఏమండీ, మీరు పోయాక ఇంట్లో మొదటిసారి ఓట్ల గొడవ వచ్చింది. మీరుంటే కుర్చీ ముందుకు జరుపుకునేవారు.

మన మనవరాలు వసంత్ కుంజ్ దగ్గర యూనివర్సిటీలో రాజకీయ శాస్త్రం చదువుతోంది. నిన్న హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టి, "ఇటు లెఫ్ట్, అటు రైట్" అంది. పార్టీల పేర్లూ మన పేర్లూ చీటీల మీద రాసి, బట్టల క్లిప్పులతో తగిలించింది. మిమ్మల్ని ఎడమ చివర పెట్టింది. మీ యూనియన్ జెండా దానికి గుర్తుంది. నన్ను మాత్రం అడక్కుండానే మీ పక్కన పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండింది. నా చీటీ తీసి, తాడు వెంట నడిచి వెళ్లి కుడి చివర తగిలించాను.

"నానమ్మా, సచ్? నిజంగానా? ఎప్పట్నుంచి?"

"మొదటి ఓటు నుంచీ."

సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్లూ, ఓటేసి రాగానే మీరు యూనియన్ వాళ్లతో "మా ఇంటివి రెండూ పడ్డాయి" అని చెప్పి, నాకు జిలేబీ కొనిపెట్టేవారు. పడింది ఒకటేనండీ. జిలేబీ మాత్రం మాట్లాడకుండా తినేదాన్ని.

అబ్బాయి పడీపడీ నవ్వాడు. "నాన్నకి తెలుసమ్మా. నేను మొదటిసారి ఓటేసినప్పుడే చెప్పారు. 'మీ అమ్మ దారి వేరురా. నాకు తెలుసని మాత్రం అనకు, మొహమాటపడి నా గుర్తుకే వేసేస్తుంది' అన్నారు."

తాడు ఇంకా విప్పనివ్వలేదు. ఆ చివర మీరు, ఈ చివర నేను, నట్టనడుమ అబ్బాయి. ఇద్దరికీ పుట్టాడు కదా మరి.

సాయంత్రం జిలేబీ తెప్పించాను. ఈసారి దర్జాగా తిన్నాను.