గుండు గురవన్నకు జుట్టు మొలిచింది

జూలై 1, 1955. శుక్రవారం. కర్నూలు.

సాయంత్రం 7:00. ఘోరం జరిగింది! "గిలక" వారపత్రికను అమ్మేశారు. చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు: వచ్చే సంచిక నుంచి పత్రిక యాజమాన్యం నీలకుంతల కేశతైలం కంపెనీ వారిది.

తలనూనె కంపెనీ! మా గుండు గురవన్న బొమ్మల కథ వచ్చే పత్రికను కొన్నది తలనూనె కంపెనీ!

ఈ డైరీ రేపు ఎవరి చేతిలోనైనా పడితే వాళ్లకూ తెలియాలి కాబట్టి రాస్తున్నాను. గురవన్న ఒక పల్లెటూరి తలారి. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. దొంగ కనబడితే రుమాలు తీసి, తల వంచి, ఎండను వాడి కళ్లలోకి కొడతాడు. దొంగకు కళ్లు బైర్లు కమ్ముతాయి. గురవన్న వాడి కాళ్లూ చేతులూ కట్టేస్తాడు. నాలుగేళ్లుగా ప్రతివారం ఇంతే. నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం నేను ఆఫీసు నుంచి నేరుగా దర్జీ హజరత్ వలి దుకాణానికి పోయి, అక్కడ చేరిన పదిమందికి గొంతులు మార్చి చదివి వినిపిస్తాను. వలికి ఉర్దూ వచ్చు, తెలుగు అక్షరాలు రావు.

ఈరోజు ఆ ప్రకటన కూడా నేనే చదివి వినిపించాను.

"గుండోని పత్రిక నూనె కంపెనీ చేతికా? గొర్రెల మందకు తోడేలు కాపలా పెట్టినట్టుండాది" అన్నాడు వలి.

అక్కడే లేచి నిలబడి ప్రమాణం చేశాను. గురవన్న ఆ కంపెనీ చేతిలో ఉన్నంతకాలం గిలక ముట్టను, చదవను, కన్నెత్తి చూడను! చప్పట్లు కొట్టారు. వలి టీ తెప్పించాడు.

7:40. ఇంట్లో చెప్పాను. నా భార్య మహాదేవమ్మ జొన్నరొట్టె తడుతూ తల కూడా ఎత్తలేదు.

"నస్యం మానినావు, మూడు దినాలు. కాఫీ మానినావు, ఒక పూట. ఇది ఎన్నాళ్లయ్యా?"

ఈసారి చూపిస్తాను.

"అయితే శనివారం పుస్తకం ఇంటికి తేవా?" అంది.

"తేను."

రొట్టె తట్టడం ఆపింది. "బొమ్మలు చూస్తాంటి కదా" అని మళ్లీ తట్టుకుంది. బొమ్మలదేముంది, క్యాలెండర్లో కూడా ఉన్నాయి.

జూలై 4. సోమవారం.

గురవన్న గుండు జోలికి పోవద్దని మద్రాసులో గిలక ఆఫీసుకు విన్నపం పోస్టు చేశాను. మూడు పేజీలు. "గురవన్న గుండు గురవన్న ఒక్కడిది కాదు, ప్రజలది" అన్న వాక్యం రాసేటప్పుడు నాకే ఒళ్లు జలదరించింది. సంతకాలు 17, వేలిముద్రలు 26. వేలిముద్రల్లో సగం వీధి కొళాయి కోసమనుకుని వేశారని తరువాత తెలిసింది. కొళాయి ఎలాగూ రాదు, వాళ్లకు జరిగిన నష్టమేమీ లేదు.

మూడు రోజులు పూర్తి! నస్యంతో సమానం.

జూలై 8. శుక్రవారం.

మొదటి పరీక్ష.

5:25. దుకాణం ముందునుంచి నడిచాను. లోపలికి చూడలేదు.

5:32. మళ్లీ నడిచాను. గొడుగు ఎక్కడో మరిచిపోయాననుకున్నాను. చేతిలోనే ఉంది.

5:40. మూడోసారి. నా పీట మీద గాబ్రియేలు కూర్చుని చదువుతున్నాడు! ఆసుపత్రి కాంపౌండరు. మందుచీటీ చదివినట్టు చదువుతాడు. దొంగకూ అదే గొంతు, గురవన్నకూ అదే గొంతు. "ఆగరా దొంగా" అన్నది కూడా "భోజనం తరువాత రెండు మాత్రలు" అన్నట్టే ఉంది. అయినా నిలబడలేదు. నిలబడింది చెప్పులో రాయి తీసుకోవడానికి మాత్రమే.

జూలై 12. మంగళవారం.

మద్రాసు నుంచి జవాబు లేదు. రాజధాని వచ్చినప్పటి నుంచీ మా ఆఫీసు డేరాలోనే, ఒకటే ఉక్క. బిళ్ల బంట్రోతు బొజ్జన్న నీళ్లు తెచ్చి, "ఈ వారం గురవన్న తల మీది రుమాలే తీయలేదంట కదా సామీ. బావి కాడ కాలు జారినాడంట" అన్నాడు. నేను అడగలేదు. తనే చెప్పాడు. నేను అన్నది "తరువాత?" అని ఒక్కమాట.

నియమాలకు వివరణ:
1. చదవకూడదు.
2. ఎదుటివాడు చెబుతుంటే చెవులు మూసుకోవడం మర్యాద కాదు.
3. "తరువాత?" అనడం మర్యాద.

జూలై 15. శుక్రవారం.

వలి కేక వీధి మొదటికి వినబడింది. "యా అల్లా! మొలిచినాయి!"

నేను పత్రిక చూడలేదు. ఏడుగురిని అడిగి తెలుసుకున్నాను. గురవన్న పాడుబావిలో పడ్డాడు. పైన దొంగ బండరాయి ఎత్తి పట్టుకున్నాడు. నడినెత్తిన సూర్యుడు. గురవన్న రుమాలు తీశాడు. తీస్తే ఏముంది? నెత్తి నిండా కొర్రనారులాగా వెంట్రుకలు! పోయిన వారం ఒక సాధువు ఇచ్చిన నూనె రాసుకున్నాడట. ఎండ తగిలింది, వెలుగు మాత్రం రాలేదు. తరువాయి వచ్చేవారం!

అన్నం సహించలేదు. మహాదేవమ్మకు చెప్పుకుని బాధపడ్డాను. ఆమె నవ్వలేదు. "ఇంగ బావిలోనించి ఎట్ల బయటపడతాడబ్బా" అని రెండుసార్లు అడిగింది.

జూలై 17. ఆదివారం.

ఉ. 10:30. చొక్కా బొత్తాం ఊడితే వలి దగ్గరికి వెళ్లాను. బొత్తాం ఊడింది. నేనే ఊడదీశానన్నది వేరే సంగతి.

వలి కొలతల ముక్కలు పాత గిలకలతోనే కత్తిరిస్తాడు. బల్లమీద చొక్కా చెయ్యి ముక్క ఒకటి పడి ఉంది. అందులో గురవన్న కాళ్లు! ఎనిమిదో తేదీ సంచిక. కాళ్లు బావి గట్టు మీద జారుతున్నాయి. చదివాను. ఇది ప్రమాణభంగం కాదు. నేను చదివింది పత్రికను కాదు, చొక్కా చెయ్యిని.

"వలన్నా, తల యాడ?"

"అమీను సాబు కోటు ఛాతీలో ఉండాదప్పా."

"ఆ ముక్క ఒకసారి తియ్."

"అంత కొలత కోటు కుట్టించుకునేటోళ్లు వస్తే తీస్తా. ఊరికే తీస్తే చినిగిపోతాది."

"అయితే నాకూ కోటు కుట్టు."

వలి కళ్లజోడు సర్దుకుని నన్ను కిందినుంచి పైకి చూశాడు. "అంత ఛాతీ యాడుండాది సుందరప్పా నీకు?"

11:15. కొలతలిచ్చాను. కర్నూలు ఎండల్లో ఉన్ని కోటు. గురవన్న ముఖం మాత్రం కళ్లారా చూశాను. రుమాలు కింద నుదురు దగ్గర ఏదో నల్లగా ఉంది. ఆ సంచిక వచ్చిన రోజే చూసి ఉంటే అప్పుడే కీడు శంకించేవాణ్ణి.

జూలై 22. శుక్రవారం.

5:30. కోటు సరిచూసుకోవడానికి రమ్మన్నాడు. సరిగ్గా శుక్రవారం సాయంత్రమే రమ్మంటే నేనేం చేసేది?

గాబ్రియేలు రాలేదు, ఆసుపత్రిలో పని. గిలక దుకాణంలో లేదు. వెనక గదిలో ఆడవాళ్ల దగ్గర ఉందట. ఆ గదికీ దుకాణానికీ మధ్య పరదా. నేను ఒంటినిండా గుండుసూదులతో చేతులు చాచి నిలబడి ఉన్నాను. పరదా వెనక వలి భార్య అబీదా బీ నవ్వు వినబడింది. ఆ తరువాత ఇంకో ఆడగొంతు, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది.

"గు... ర... వ... న్న. బా... వి... లో..."

"నిదానంగా చదువు మాదేవక్కా. బావిలో ఏమాయె?"

మాదేవక్క! నా మహాదేవమ్మ! పెళ్లయి ఆరేళ్లు. ఆమెకు "అ" కూడా రాదనే నేను అనుకుంటున్నాను. చదువుతోంది. ఒత్తుల దగ్గర తడబడుతోంది, ఆగుతోంది, మళ్లీ ఎత్తుకుంటోంది. దొంగ మాటలకు గొంతు మారుస్తోంది. అది నా గొంతు. నేను దొంగకు పెట్టే కీచుగొంతు.

గురవన్న సంగతే మరిచిపోయాను. సిగ్గేసింది. నాకు చెప్పలేదని కోపం వచ్చింది. ఆ రెండింటికంటే ఎక్కువ సంతోషమేసింది, అది ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"కదలద్దప్పా, సూది గుచ్చుకుంటాది" అన్నాడు వలి. అప్పటికే గుచ్చుకుంది.

జూలై 23. శనివారం.

అడిగేశాను. నాకెందుకు చెప్పలేదని.

"నువ్వు అడిగితివా?" అంది. "శనివారం నువ్వు పుస్తకం తెచ్చి చదువుతాంటే నీ మాట వెంబడి వేలు పెట్టి చూస్తాంటి. నువ్వు పండుకున్నాక మళ్లీ ఒక్కదాన్నే చూసుకుంటాంటి. అట్ల నేర్చుకుంటి. ఇంగ రెండు నెలలుంటే ఒత్తులు కూడా వస్తాండె. నువ్వేమో సభలో లేచి ఒట్టు పెట్టుకుంటివి. నీ ఒట్టుకు నా చదువు యాల ఆగల్ల?"

ఆమె రొట్టెల పిండి కలుపుతూనే ఉంది. నేను ఆ కంపెనీ మీద కోపంతో ఒట్టు పెట్టుకున్నాను, కంపెనీకి చీమ కుట్టినట్టయినా లేదు. ఇంట్లో ఒక మనిషి బడి మాత్రం మూతబడింది.

"అట్లయితే తెచ్చి నీకే ఇస్తా. నేను చదవను" అన్నాను.

"వద్దులే. నువ్వు తెస్తే దోవలోనే చదువుతావు. అబీదా కాడ చదువుకుంటా. నీ ఒట్టు నువ్వు నిలబెట్టుకో, చూస్తా."

జూలై 24. ఆదివారం.

మహాదేవమ్మ పోస్టుకార్డు మీద ఏదో రాస్తోంది. ఒక్కో అక్షరానికీ నాలుక బయటపెడుతోంది. తొంగిచూస్తే కొంగు కప్పేసింది. కోసిగిలో వాళ్ల అన్నకేమో. నా మీద ఫిర్యాదై ఉంటుంది.

జూలై 29. శుక్రవారం.

4:50. కోటు వచ్చింది. అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు.

5:15. బస్టాండులో గిలక కొన్నాను. రాసేశాను, ఇక దాచేదేముంది. మహాదేవమ్మ కోసమే కొన్నాను. ఇచ్చేముందు పేజీలన్నీ ఉన్నాయో లేదో చూడాలి కదా!

5:30 నుంచి 6:10. తుంగభద్ర ఒడ్డున పేజీలు చూశాను. ఇరవై ఎనిమిది రోజుల తరువాత! గురవన్న జుట్టు చెవుల దాకా వచ్చింది. ఇంకా బావిలోనే ఉన్నాడు. బావిలో కూర్చుని దువ్వుకుంటున్నాడు!

6:30. ఆమెకు ఇవ్వలేదు. ఏ ముఖం పెట్టుకుని ఇచ్చేది? కోటు లోపల దాచాను. అంత ఛాతీ ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఆగస్టు 5. శుక్రవారం.

మళ్లీ కొన్నాను. వివరణలు రాసే ఓపిక లేదు.

ఇంట్లో, "ఒట్టు ఎట్లుండాది?" అని అడిగింది. "గట్టిగా ఉండాది" అన్నాను. ఈ శ్రావణమాసంలో ఆడిన అబద్ధం ఎక్కడికి పోతుంది?

ఆగస్టు 12. శుక్రవారం.

5:40. నది ఒడ్డు. చూసింది చూసినట్టు రాస్తాను.

నా మూడు పేజీల విన్నపం జాడే లేదు. "పాఠకుల ఉత్తరాలు"లో మొట్టమొదటిది ఇది:

"గురవన్నకు జుట్టు వచ్చింది. మంచిది. బావిలోనుంచి ప్రాణంతో బయటపడితే ఆ జుట్టు దేవునికి ఇస్తానని మొక్కుకోమని చెప్పండి. మా దిక్కు ఉరుకుందలో ఈరన్నస్వామికి ఇస్తారు. మొక్కిన జుట్టును ఆపే హక్కు ఎవరికీ లేదు. మహాదేవమ్మ, కర్నూలు."

దాని కింద బొమ్మలు గీసే ఆయన ఒక్కమాట వేశాడు: "గురవన్న ఒప్పుకున్నాడు."

పేజీ తిప్పాను. గురవన్న బావిలో చేతులు జోడించి మొక్కుకున్నాడు. అది విని పైనున్న దొంగకే భయం పట్టుకుంది. దేవుడికి మొక్కుబడి ఉన్న మనిషి మీద రాయి వేస్తే వంశం నిలుస్తుందా? వాడే తాడు వేసి పైకి లాగాడు. ఆ తరువాతి బొమ్మలో మంగలి, దాని పక్కన గుండు. ఆ పక్క బొమ్మలో గుండు తప్ప ఏమీ లేదు, పేజీ అంతా వెలుగు! నదిలో బట్టలుతికేవాళ్లు నావైపు చూశారు. నేను గట్టిగా అరిచానట.

కంపెనీకి నోరెత్తే వీలుంటుందా? మొక్కుకు అడ్డం చెబితే ఆ నూనె ఎవరు కొంటారు? నలభై మూడు మందిమి చేయలేని పని ఒక్క కార్డు చేసింది.

6:00. చిక్కు. ఇది ఆమెకు చూపించాలి. చూపిస్తే నేను చదివిన సంగతి బయటపడుతుంది. చూపించకపోతే రేపు అబీదా బీ గదిలో తనే చూసుకుంటుంది. నేను అక్కడ ఉండను. తన పేరు అచ్చులో మొదటిసారి చదువుకునేటప్పుడు ఆమె ముఖం నేను చూడకపోతే, ఈ ఒట్టు ఉండి ఏం లాభం?

6:35. ఇల్లు. పత్రిక తీసి ముందు పెట్టాను.

"యాడిది ఇది?"

"కొన్నా."

"ఎన్ని వారాల నుంచి?"

"మూడు."

ఏదో అనబోయి పేజీ వైపు చూసింది. మ దగ్గర వేలు పెట్టింది. "మ... హా... దే..." అక్కడ ఆగి నావైపు చూసింది. "ఇది నేనేనా?"

"నువ్వే" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. ఉత్తరం మొత్తం చదివింది, రెండుసార్లు చదివింది. అప్పుడు మొదలుపెట్టింది నవ్వడం. "మూడు వారాలు దొంగతనంగానా! అందుకేనా ఇంట్లో కూడా కోటు ఏసుకుని తిరుగుతాండావు!" పెనం మీద రొట్టె మాడిపోయింది.

7:10. పేజీ అడుగున ఇంకో వరుస ఉంటే అదీ ఆమే చదివింది: "మొ-క్కు తీ-ర్చు-కు-న్న-వా-రి-కి మూ-డు నె-ల-ల్లో ఒ-త్తై-న జు-ట్టు. నీ-ల-కుం-త-ల కే-శ-తై-లం."

కంపెనీ దొంగలు! గుండునూ వదల్లేదు! లేచి నిలబడి మళ్లీ ప్రమాణం చేశాను. వచ్చే శుక్రవారం నుంచి గిలక ముట్టను, చదవను. మహాదేవమ్మ చదువుతుంది, నేను వింటాను. వినడం చదవడం కాదు. ఆమె కూడా ఒప్పుకుంది.

ఆగస్టు 19. శుక్రవారం.

6:00. వలి దుకాణం. పరదా పక్కకు తీసి అబీదా బీ, మహాదేవమ్మ గడపకు అవతల, మేమంతా ఇవతల. గాబ్రియేలు కూడా వచ్చాడు, వినడానికి. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను.

6:04. మహాదేవమ్మ చదువుతూ ఆగింది. ఒత్తు కింద ఇంకో ఒత్తు. "ఏమయ్యా, ఇదేంది?" అని పత్రిక నా ముక్కు ముందు పెట్టింది. చూడకుండా ఎట్లా చెప్పేది? చూశాను. చెప్పాను.

6:05. "దొంగ మాటలు నువ్వు చదువు. నాకు కీచుగొంతు పట్టి దగ్గొస్తాంది" అంది.

6:40. గురవన్న మాటలన్నీ ఆమె చదివింది, దొంగ మాటలన్నీ నేను. వలి టీ తెప్పించాడు.

7:15. ప్రమాణం వచ్చే శుక్రవారం నుంచి మొదలు. ఈసారి ఖాయం. ఆ వారం దొంగకు మాటలు లేకపోతే.