విసుక్కోని మిషను

విజయవాడ,
శుక్రవారం.

కరీమున్నీసా ఆపాకు తమ్ముడి సలాములు.

అల్లా దయవల్ల నేనూ, గుల్షనూ, అమ్మాయి అర్ఫా బాగానే ఉన్నాం. చల్లపల్లిలో నువ్వూ, నీ కొడుకు నవాజూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి కుదుటపడ్డాను. నువ్వు పంపిన నిమ్మకాయ పచ్చడి చేరింది. నీ మరదలు గుల్షన్ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. నొప్పి తగ్గింది, నా మీద కోపమే తగ్గలేదు. దానికి కారణం నీ రికార్డరు.

టీవీలో వచ్చేది దాచుకుని, వినపడని చోట వెనక్కి తిప్పుకునే రికార్డరు కావాలని రాశావు కదా. నవాజ్‌ని అడిగితే ఎందుకమ్మా అంటాడని నాకు చెప్పావు. మొన్న ఆటోనగర్‌లో షెడ్డు పని పక్కనపెట్టి గవర్నర్‌పేట వెళ్లాను. కొట్టు యజమాని రాంబాబు గారు మంచివారు. మూడు పెట్టెలు నా ముందు పెట్టారు. ఒకదాంట్లో లోపలే రికార్డవుతుందట. ఇంకోదానికి పెన్‌డ్రైవ్ పెట్టాలట. మూడోదాంట్లో అసలు రికార్డు చేసే పనే లేదట, ఇంటర్నెట్ ఉంటే పాత భాగాలన్నీ అందులోనే దొరుకుతాయట.

"మీ అక్కగారింట్లో కేబులా, డిష్షా అండీ?" అన్నారు.

డిష్షేనన్నాను. అక్కణ్ణుంచి ఆయన చాలాసేపు చెప్పారు. పైన ఫ్యాను, రోడ్డు మీద ఆటోలు, గోడకు పది టీవీలు. నేను గంగిరెద్దులా తలూపాను. ఇంటికొచ్చేసరికి మూడు పెట్టెలూ బుర్రలో కలిసిపోయాయి. రికార్డు చేసింది వేరే టీవీలో రాదని దేని గురించి చెప్పారో తెలియదు. నెల డబ్బు కట్టకపోతే దాచినవి కనపడవని చెప్పింది అన్నిటికీనా, ఒకదానికేనా? నిన్న మళ్లీ వెళ్లాను. మళ్లీ తలూపి, ఒక రంగుల కాగితం పట్టుకొచ్చాను.

"రెండుసార్లు వెళ్లింది అడగడానికా, తలూపడానికా?" అంది గుల్షన్. "అర్థం కాలేదండీ అంటే ఆయనేమన్నా కొడతాడా?"

ఎందుకు అడగలేకపోయానో నీకు చెబుతాను.

నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు. "మనుషుల్ని రెండోసారి చెప్పమంటే విసుక్కుంటారు ఇస్సాకూ, మిషను విసుక్కోదు." అది చదివాక ఆ పూట అన్నం సయించలేదు. నీకు వినికిడి తగ్గిన ఈ రెండేళ్లలో నీ మీద విసుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

నవాజ్ ఫోన్ చేస్తే మామ ఎందుకు ఎత్తడం లేదనీ అడిగావు. ఎత్తితే వాడేమంటున్నాడో తెలియదు ఆపా. రాంబాబు గారు చెప్పిందీ సగం వినపడలేదు. పాపం, చెవిటివాడి ముందు శంఖం ఊదారు. ముప్పై ఏళ్లుగా లారీ రేకుల మీద సుత్తి వేస్తున్నాను. దెబ్బ మోతను బట్టే వంపు ఎక్కడుందో చెప్పేవాణ్ణి. ఇప్పుడు చేత్తో తడిమి చూసుకుంటున్నాను. షెడ్డులో ఇంకా ఎవరికీ తెలియదు. అర్ఫాది అసలే చిన్న గొంతు. అది చెప్పేదానికి నవ్వి ఊరుకుంటున్నాను.

రేపు మళ్లీ కొట్టుకు వెళతాను. "నాకు సరిగా వినపడదండీ, ఇంకోసారి చెప్పండి" అని అడుగుతాను. నీ పెట్టె సంగతి తేల్చుకునే వస్తాను.

పోయిన రంజాన్ పండక్కి నీ పక్కన కూర్చుని భోంచేస్తూ నేనొక మాటన్నాను. "ఏంట్రా?" అని మూడుసార్లు అడిగావు. మూడోసారి విసుక్కుని, "ఏం లేదులే, తిను" అన్నాను. నువ్వు తల దించుకుని తిన్నావు. నీకు వినపడకపోవడమే మంచిదైందని ఆ రోజు అనుకున్నాను, నన్ను క్షమించు.

ఆ రోజు నేనన్నది ఇది: "ఆపా, నాకు కూడా వినపడటం లేదు. భయంగా ఉంది."

ఇట్లు,
నువ్వు పెంచిన తమ్ముడు,
ఇస్సాక్