వెనక గోడ దగ్గరి బండి

జ్వోల్లె,
జనవరి 8

శ్రీమతి రూలీ బోస్ గారికి,

బెరెండ్ ప్రాంగెర్ నమస్కారాలు. చలికాలం దాచిపెట్టమని అక్టోబరులో మీ బంగాళాదుంపల కొట్టంలో వదిలిన ఇల్లులాంటి మా తెల్ల బండిని, మోటర్‌హోమ్‌ను, తీసుకుపోవడానికి ఫిబ్రవరి 2 ఉదయం పదింటికి వస్తున్నాను. బండి కావలసినవాళ్లు రెండు వారాల ముందు ఉత్తరం రాయాలని, ఫోన్‌లో చెబితే చెల్లదని మీ షరతుల కాగితంలో ఉంది. నేను మూడున్నర వారాల ముందే రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు కాలువ మీద వంతెన ఎత్తి దించే ఉద్యోగం చేసినవాణ్ణి. వేళ తప్పడం నా ఒంట్లో లేదు.

దక్షిణ స్పెయిన్‌కి ఇది మా పదో ప్రయాణం. రెండు వేల రెండు వందల కిలోమీటర్లు, నాలుగు రోజులు. బండ్లు నిలుపుకునే అదే కంకర మైదానం, అదే ముప్పై ఏడో నంబరు స్థలం, పక్కన అదే రోటర్‌డామ్ దంపతులు, వాళ్ల అదే మోకాలి ఆపరేషన్ కథ. ఫిబ్రవరి 8 సాయంత్రంలోగా చేరకపోతే మా స్థలం వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. దాని కోసం అరవై మంది కాచుకుని ఉన్నారు, పోతే మళ్లీ దొరకదు. నా ఒక్కడి కోసమైతే ఇంత పట్టు పట్టను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వేసవంతా ఇంకొకళ్ల పడవలకు దారి ఇస్తూ మా ఆవిడ ఫెన్నాను ఎక్కడికీ తీసుకుపోలేదు. రిటైరైన రోజు ఆవిడకు మాటిచ్చాను, ఓపిక ఉన్నన్నాళ్లూ ప్రతి చలికాలం ఎండ చూపిస్తానని. ఇచ్చిన మాట తప్పలేను.

ఇట్లు,
బెరెండ్ ప్రాంగెర్

తా.క.: బండిలోని టాయిలెట్ డబ్బా ఖాళీ చేశానా లేదా అన్న అనుమానం అక్టోబరు నుంచి నన్ను తినేస్తోంది. వాసన వస్తుంటే దయచేసి రాయండి. రాకపోయినా రాయండి.


ఒడోర్న్,
జనవరి 13

బెరెండ్ ప్రాంగెర్ గారికి,

నమస్కారం. మీ డబ్బా వాసన సంగతి నేనేమీ చెప్పలేను. మీ బండి దాకా వెళ్లే దారి లేదు. అది వెనక గోడకు ఆనుకుని ఉంది, దాని ముందు నలభై ఒక్క బండ్లున్నాయి.

మా పద్ధతి మీకు తెలుసు. ముందు పోయేవాళ్లు తలుపు దగ్గర, చివర పోయేవాళ్లు గోడ దగ్గర. ఎవరు ఎప్పుడు పోతారో అందరిళ్లలోలాగే మరుగుదొడ్డి తలుపుకు తగిలించిన పుట్టినరోజుల క్యాలెండరులో రాసుకుంటాను. రోజుకు నాలుగుసార్లయినా కంటబడే చోటు ఇంట్లో అదొక్కటే కదా. అక్టోబరు చివర్లో మా ఆయన హార్మ్ ఆ క్యాలెండరు చూసుకుంటూ బండ్లన్నీ సర్దాడు. అందులో మీ పేరు మే 14న ఉంది. ఇవాళ కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను.

బయట మంచు గడ్డకట్టి ఉంది. సగం బండ్ల బ్యాటరీలు చచ్చిపోయాయి. హార్మ్ నడుము నవంబరులోనే పట్టేసింది. మీరు మే దాకా ఆగితే అందరం సుఖంగా ఉంటాం.

ఇట్లు,
రూలీ బోస్

తా.క.: మా అత్తగారికి తొంభై ఒకటి. ఆ క్యాలెండరులో ఉన్నవి నిజంగా పుట్టినరోజులే అనుకుని పేరున్న ప్రతివాళ్లకూ కార్డు పంపుతుంటారు. నిరుడు ఏప్రిల్లో ఇరవై మందికి వెళ్లాయి. ఒకాయన పువ్వులు పట్టుకుని వచ్చి, ఆవిడను ఎప్పుడు కలిశానో గుర్తు రావడం లేదని క్షమాపణ చెప్పి వెళ్లాడు.


జ్వోల్లె,
జనవరి 17

శ్రీమతి బోస్ గారికి,

మే నెలలో స్పెయిన్ వెళ్లేవాడికి మతి ఉండదు. అక్టోబరులో మీ వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతూ ఫిబ్రవరి రెండు అని ఈ నోటితోనే చెప్పాను. మీరు ఇప్పుడే రాసి వస్తానని వెళ్లి, వచ్చాక నాకో బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేశారు. డబ్బా మూత గుర్తున్నవాణ్ణి తేదీ మరిచిపోతానా?

ఒక్క నిమిషం ఆలస్యంగా వంతెన ఎత్తితే పడవల వాళ్లు నన్ను నానా మాటలూ అనేవాళ్లు. మూడున్నర నెలలు తప్పితే మిమ్మల్ని ఏమనాలి? తప్పు మీది. నలభై ఒక్క బండ్లూ మీరే బయటికి తీయించండి. రెండో తారీఖున పదింటికి నేను మీ గేటు దగ్గర ఉంటాను.

ఇట్లు,
బెరెండ్ ప్రాంగెర్

తా.క.: నిరుడు ఫిబ్రవరిలో వచ్చిన కార్డు ఎవరిదో ఇప్పుడర్థమైంది. మేం స్పెయిన్‌లో ఉండగా మా కుండీలకు నీళ్లు పోసే పక్కింటావిడ దాన్ని కిటికీలో నిలబెట్టింది. తిరిగొచ్చేసరికి నాకు డెబ్భై నిండాయని వీధంతా చెప్పుకుంటోంది. నాకు అరవై ఎనిమిది. కాదని చెప్పే ఓపిక లేక అందరికీ కేకు పెట్టాం.


ఒడోర్న్,
జనవరి 23

ప్రాంగెర్ గారికి,

మీ ఉత్తరం చదివి ఉడికిపోయి, మళ్లీ వెళ్లి క్యాలెండరు చూశాను. మీకు క్షమాపణ చెప్పుకోవాలి. ఫిబ్రవరి 2 దగ్గర ఎవరో రబ్బరుతో చెరిపిన మరక ఉంది. మే 14న మీ పేరు ఆకుపచ్చ సిరాతో ఉంది. మా మరుగుదొడ్డిలో దారం కట్టి వేలాడదీసిన పెన్సిలు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ దస్తూరీ నాది కాదు.

అత్తగారిని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "తొంభై ఏళ్లు మర్యాదగా బతికి చివరికి మరుగుదొడ్డిలో దొంగతనం అంటగట్టించుకున్నాను" అని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. మూడు రోజులైంది. భోజనం గదికే పంపుతున్నాను. హార్మ్ నాతో మాట్లాడటం లేదు, వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు.

మాట్లాడకపోయినా పని మానలేదు. రెండు రోజుల్లో ట్రాక్టరుతో పదకొండు బండ్లు బయటికి లాగాడు. అవన్నీ వాకిట్లో వరసగా నిలబడేసరికి రోడ్డున పోయేవాళ్లు పాత బండ్ల సంతనుకుని కార్లు ఆపుతున్నారు. నిన్న ఒకావిడ హార్మ్ ట్రాక్టరునే బేరమాడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. మీకు కోపం వచ్చినా సరే, ఇంత అవస్థ ఏ ఎండ కోసమని నాకు రోజూ అనిపిస్తోంది.

ఇట్లు,
అలసిపోయిన రూలీ బోస్

తా.క.: బిస్కెట్టు సంగతి. మిమ్మల్ని ఒక్కదానితో సరిపెట్టాలని కాదు. ఆ రోజు మీ ఆవిడ మరుగుదొడ్డికి వెళ్లి చాలాసేపు రాలేదు. ఆవిడ వచ్చాక ఇద్దాంలెమ్మని మూత పెట్టాను.


జ్వోల్లె,
జనవరి 26

రూలీ గారికి,

మీ ఉత్తరంతో కోపం సగం దిగింది. పెద్దావిడను అనుమానించకండి. ఆకుపచ్చ సిరా ఎవరి దగ్గరైనా ఉంటుంది. మా ఇంట్లో ఫెన్నా గళ్లనుడికట్టు నింపేది కూడా దానితోనే. అంతమాత్రాన ఎవరినైనా అనుమానిస్తామా? బండి వదలడానికి వచ్చినవాళ్లలో ఎవడో తనది ముందుకు తెచ్చుకోవడానికి నన్ను వెనక్కి తోసి ఉంటాడు. లోకం అలా ఉంది.

నాకూ ఓపిక తగ్గుతోంది. సామాను జాబితా పదోసారి రాస్తున్నాను. మడత కుర్చీలు రెండు, దోమల మందు, బఠానీ డబ్బాలు పన్నెండు. రాస్తుంటే చెయ్యి లాగుతోంది. ఇంకో పదమూడు రోజుల్లో అక్కడ లేకపోతే మాత్రం ఫెన్నాకిచ్చిన మాట గంగలో కలిసినట్టే. హార్మ్ గారి నడుముకు పట్టీ ఒకటి పంపుతున్నాను. మా వంతెన మీద నేను వాడినదే.

ఇట్లు,
బెరెండ్

తా.క.: మీ అవస్థ చదివి వినిపిస్తే ఫెన్నా ఏమందో తెలుసా? పోనీ ఈ ఏడాది మానేద్దాం, పాపం వాళ్ల నడుము, అంది. అక్టోబరు నుంచి ఎండ కోసం కలవరిస్తున్న మనిషి. అయినా ఎవరో పరాయివాళ్ల నడుము కోసం వదులుకుంటానంటోంది. అంత మంచి మనసు. నేను ఒప్పుకోలేదు.


ఒడోర్న్,
జనవరి 31

బెరెండ్ గారికి,

ఈ ఉత్తరం నిలబడి చదవకండి.

మంగళవారం మీ ఆవిడ దంత వైద్యుడి దగ్గరికి వెళ్తున్నానని చెప్పి ఉంటారు. వెళ్లలేదు. రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చారు, చేతిలో ఆపిల్ కేకుతో. తిన్నగా మా అత్తగారి గది తలుపు కొట్టి, ఆ పని చేసింది నేనే అని చెప్పారు. అక్టోబరులో మనం కాఫీ తాగుతుండగా మరుగుదొడ్డిలో ఆవిడకు క్యాలెండరు కనిపించిందట. చేతిసంచిలో పెన్నూ రబ్బరూ ఉన్నాయట. మే 14నే ఎందుకంటే, ఆ రోజు ఎవరి పేరూ లేదు, రాయడానికి చోటు ఎక్కువుందట.

తరువాత నా వంటింట్లో కూర్చుని ఆవిడ అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను. "ఆయన ఆ కుర్చీలో కూర్చుని గంటల తరబడి సముద్రం చూస్తుంటాడు. అంత సంతోషాన్ని చెడగొట్టడానికి నాకు నోరు రాలేదు, రూలీ. తొమ్మిదేళ్లు ఆ కంకర ఊడ్చాను. నాకింక ఓపిక లేదు. ఒక్క చలికాలం నా కిటికీ దగ్గర కూర్చుని మా వీధిలో పోయేవాళ్లను చూసుకోవాలనుంది."

నలభై నాలుగేళ్లు కలిసి బతికిన మనిషికి ఈ మాట ఎదురుగా చెప్పలేనని, నన్ను రాయమని అడిగారు. రాశాను. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. నేనైనా అదే చేసేదాన్నేమో.

మీ బండి నిన్న బయటికి వచ్చింది. బ్యాటరీ ఎక్కించాం. డబ్బా ఖాళీగానే ఉంది. తాళం చెవి నా దగ్గరుంది. స్పెయిన్ వెళ్తారో మానతారో మీరే తేల్చుకోండి.

ఇట్లు,
రూలీ

తా.క.: అత్తగారికి క్షమాపణ చెప్పుకున్నాను. "మంచం మీదికే భోజనం వస్తోంది కదా, ఇంకో వారం ఆగి చెప్పాల్సింది" అన్నారు.


జ్వోల్లె,
ఫిబ్రవరి 5

రూలీ గారికి,

ఒకటో తారీఖున మీ ఉత్తరం అందింది. కూర్చునే చదివాను. రెండో తారీఖున మీ గేటు దగ్గరికి రానందుకు మన్నించండి.

ఈ మాట ఇంకెవరికీ చెప్పలేను, మీకు చెబుతున్నాను. నాకు ఆ స్పెయిన్ అంటే విసుగు. మొదటి ఏడాది నచ్చింది. రెండో ఏడాది నుంచి ఆ కుర్చీలో కూర్చుని సముద్రం వైపు చూస్తూ ఇంకా ఎన్ని రోజులో లెక్కపెట్టుకునేవాణ్ణి. అక్కడ ఎత్తడానికి ఒక వంతెన కూడా లేదు. మాటిచ్చాను కదా, ఆవిడ కళ్లలో ఆ ఎండ మెరుస్తోంది కదా అని ఊరుకున్నాను. మెరిసింది కన్నీళ్లని ఇప్పుడు తెలిసింది. సిగ్గుగా ఉంది.

ఈ సంగతి ఫెన్నాకు చెప్పలేదు. చెబితే మరి తొమ్మిదేళ్లు ఎందుకు మాడామని అడుగుతుంది. అందుకని, నీకంటే నాకు ఎండ ఎక్కువా, నీ కోసం మానేస్తున్నాను అన్నాను. ఆవిడ ఏడ్చింది. ఆ రోజు నుంచి రోజూ బఠానీ సూప్ కాస్తోంది, సాసేజ్ ముక్కలు రెట్టింపు వేసి. కాదనే ధైర్యం నాకు లేదు, నిజం చెప్పాలంటే కోరికా లేదు. ముప్పై ఏడో నంబరు వదులుకుంటున్నామని స్పెయిన్‌కి రాసేశాను. బండిని మళ్లీ వెనక గోడ దగ్గర పెట్టించండి. హార్మ్ గారిని ఇది అడగడానికి నాకు మొహం లేదు, మీరే అడగండి.

ఈ ఉత్తరం చదవగానే పొయ్యిలో వేయండి.

ఇట్లు,
మీ బెరెండ్

తా.క.: బయట నేల జారుతోందని ఫెన్నా నన్ను గడప దాటనివ్వడం లేదు. ఈ ఉత్తరం తనే పోస్టు చేస్తానంది. నా మీద అంత ప్రేమ.

తా.క. రెండు: రూలీ గారూ, ఇది ఫెన్నా రాస్తున్నది. సూప్ ఆవిరి మీద కవరు విప్పాను. చదివాక నవ్వాలో కొట్టాలో తెలియక పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. తొమ్మిది చలికాలాలు ఆయన కోసం నేను, నా కోసం ఆయన. కోపం రావాలి, రాలేదు. పాపం, ఆయనా నాలాగే అలసిపోయాడు. నేను చదివానని మాత్రం ఆయనకు రాయకండి. ఇవాళ మధ్యాహ్నం సూప్‌లో సాసేజ్ వేయలేదు. ఎందుకని ఆయన అడిగాడు. మీ కోసమే అన్నాను.