అంచు లేని జెండా

కర్నూలు,
24 జులై 1947

బావ పుల్లన్న గారికి, ఉరుకుందప్ప నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం. దేశం మాకంటే క్షేమం.

మొన్న ఢిల్లీలో కొత్త జెండా ఖాయం చేసినారు. పైన కాషాయం, నడుమ తెలుపు, కింద ఆకుపచ్చ. మూడు పట్టీలూ సమానం. పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు. తెలుపు నడుమ రాట్నం పోయి నీలి చక్రం వచ్చింది. ఆగస్టు పదహైదున మా పేటలో ఎగిరే జెండా మా అక్క మొగుడి మగ్గం మీద నుంచే దిగుతుందని జెండా పండగ సంఘంలో మాట ఇచ్చినాను.

మిల్లు గుడ్డలమ్మే హనుమన్న, గుడ్డ ఉచితంగా ఇస్తాను, తాడు మాత్రం నేనే లాగుతాను అన్నాడు. నిరుటి దాకా ఆయన అంగట్లో చక్రవర్తి పటం ఉండేది. ఇప్పుడు చట్రం అదే, లోపల బొమ్మ మారింది. అట్లాంటి చెయ్యి తాడు పట్టకూడదని సంఘం నిబంధనలు నేనే రాసి ఒప్పించినాను: జెండాను నేసిన చెయ్యే ఎగరేయాలి. మోకాళ్ల నొప్పితో నువ్వు బస్సెక్కలేవు కాబట్టి నీ తరఫున నేను లాగుతాను. ఇన్నేండ్లు కరపత్రాలు రాసి అరిగిన చెయ్యి, ఆ మాత్రం అర్హత దానికి ఉంది.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క. కొత్త గుడ్డ కదా అని మా అక్క మూలకు పసుపు పెట్టబోతుంది. పెట్టనియ్యొద్దు. జెండా పెండ్లికూతురు కాదు.


కోడుమూరు,
28 జులై

చిరంజీవి బామ్మర్దికి పుల్లన్న దీవెనలు.

నీ ఉత్తరం అందినాది. దేశం క్షేమమన్నావు, మంచిదే. మీ అక్క నడుంనొప్పి మాత్రం అట్లే ఉండాది.

జెండా నేస్తా. అయితే నీ కొలతల్లో అంచు యాడా కనపడలే. మరిచినావేమో అనుకున్యా. మా నాయన గానీ, వాళ్ల నాయన గానీ అంచులేని గుడ్డను ఈ మగ్గం మీద నుంచి దించలేదు. అంచులేని తెల్లగుడ్డ పాడెమీదికి. పుట్టిన దినమే దేశానికి పాడెగుడ్డ కట్టమంటావా? అందుకని నేనే ఆలోచించి ఇరుపక్కలా బెత్తెడు ఎర్రంచు పెడతాండా. ఒక పక్క కొంగు వస్తాది. కొంగులో నెమళ్లు బాగుంటాయి.

మీ అక్క గంగాదేవి అడుగుతాండాది: "రాట్నం తీసేసింది ఎవడంట? ఇన్నేండ్లు మా చేత వడికించుకోని, రాజ్యం వస్తానే రాట్నాన్ని అటకెక్కిచ్చినారా?" దీనికి నువ్వే జవాబు రాయి. నాకు అన్నం పెట్టేది ఆమె.

ఇట్లు,
మీ బావ

తా.క. నెమళ్లు రెండు చాలా, నాలుగు కావాల్నా?


కర్నూలు,
31 జులై

బావ గారికి, కోపం నెత్తికెక్కినా మర్యాద తప్పక నమస్కరించి రాయడమేమంటే,

నెమళ్లు వద్దు. ఒక్కటి కూడా వద్దు.

జెండా చీర కాదు. దాన్ని కట్టుకోరు, కప్పుకోరు, నేలకు తాకనియ్యరు, ఎవరి ముందరా వంచరు. ఇక అంచు అంటావా? అంచు పెట్టి మనవాళ్లు సాధించిందేమిటి? అంచున్నది ముత్తైదువకు, లేనిది విధవకు, ఈ అంచు ఈ కులానికి, ఆ అంచు ఆ కులానికి. గుడ్డను చూసి మనిషిని కొలిచే దేశమిది. ఆ కొలత లేని గుడ్డ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆకాశంలో ఎగరనియ్యి. పాడెగుడ్డో పెండ్లిగుడ్డో నూలుకు తెలియదు, నీ బుర్రకే తెలుసు.

అంచుతో పంపినావంటే హనుమన్న మిల్లుగుడ్డే ఎగురుతుంది. నేను పేటలో తలెత్తుకోలేను. ఆలోచించు.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క. అక్కకు చెప్పు: జెండా వెనక నుంచి చూస్తే రాట్నం తిరగబడి కనిపిస్తుందట. చక్రం రెండు పక్కలా ఒకటే. రెండు పక్కలా ఒకే మాదిరి ఉండడం చక్రానికి చేతనైంది, హనుమన్నకు కాలేదు.


కోడుమూరు,
5 ఆగస్టు

బామ్మర్దికి, దీర్ఘాయుష్మాన్ భవ. ఈ దీవెన ఊరికే రాయలేదు, కిందికి చదువు.

నీ మాట కాదనలేక, అంచునూలు కలపకుండా తెల్లపడుగు సిద్ధం చేసి, గంజి పట్టించేదానికి వీధిలో చాపినాము. పడుగంటే నీకు తెల్సు, నిలువుపోగులన్నీ వీధి ఈ కొస నుంచి ఆ కొసకు, అందరి కండ్ల ముందర. ఎర్రపోగు ఒక్కటీ లేదు. మా వీధిలో అంచులేని తెల్లపడుగు చాపినారంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. ఎవరు పోయినారు? నేనుండా, మీ అక్క ఉండాది. అంతకు ముందర కర్నూలు నుంచి ఉత్తరం వచ్చింది, అది చదివి నేను నెత్తి కొట్టుకున్యా. వీధంతా చూసినారు. ఇంకేముంది, పోయింది నువ్వే.

పక్కింటి సుంకమ్మత్త మొదట వచ్చి గడపలో కూలబడింది. "అత్తా, వాడు బతికే ఉండాడు" అన్నా. "దుఃఖంలో అట్లే అంటార్లే నాయనా" అని నన్నే పట్టుకోని ఏడ్సింది. నీ ఉత్తరం చూపిస్తే, "పోయే ముందర కూడా ఎవరితోనో కొట్లాడుకుంటానే రాసినాడు, పాపం" అనె. డోన్ నుంచి మీ చిన్నాయన బండి కట్టుకోని వచ్చినాడు. వచ్చినవాళ్లకు వండలేక మీ అక్క నిజంగానే ఏడుస్తాండాది. అది చూసి అందరికీ నమ్మకం కుదిరె.

ఇట్లు,
మీ బావ

తా.క. నీ గురించి శానా మంచి మాటలు చెప్తాండారు. బతికుండంగా ఎవరూ అన్లేదు. ఇంకో రెండు దినాలు ఓపిక పట్టు.


కర్నూలు,
8 ఆగస్టు

బావకు, ప్రాణాలతో ఉన్న ఉరుకుందప్ప రాయునది:

నా చావు బొగ్గుతో నడిచే బస్సెక్కి కర్నూలు చేరింది. హనుమన్న సంతాప సభ పెట్టినాడు. నేను పోయి ముందు వరుసలో కూర్చున్నాను. నన్ను చూసి కొంచెం జంకి, తేరుకొని, "రాసేసినాం కదప్పా, చదివేస్తాం" అన్నాడు. చదివినారు: "కీర్తిశేషులు ఉరుకుందప్ప గారి ఆశయాలను అక్షరాలా నెరవేరుస్తామని ఈ సభ ప్రమాణం చేస్తున్నది." నేను లేచి అభ్యంతరం చెప్పినాను. నేను తప్ప అందరూ ఏకగ్రీవంగా నెగ్గించిన తీర్మానమట. రద్దు చేయాలంటే మళ్లీ సర్వసభ్య సమావేశం కావాలట, అది పదహైదు దాటినాకే కుదురుతుందట.

అంతటితో ఆగినాడా? పెద్దలు పోతే జెండాను సగం కొయ్య వరకే ఎగరేయాలని నిబంధనల్లో నేనే రాసినాను. దాని ప్రకారం, నా గౌరవార్థం, స్వతంత్రం వచ్చిన రోజే జెండాను సగానికి దించుదామంటాడు. గొంతు పోయేదాకా అరిచి పూర్తి కొయ్యకు ఒప్పించినాను. శవానికి ఇంత కంఠం ఉంటుందని వాళ్లు అనుకోలేదు.

జెండా ఎక్కడ బావా?

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క. సభలో పంచిన బొరుగులు నాకూ పెట్టినారు. బాగున్నాయి.


కోడుమూరు,
12 ఆగస్టు

నూరేండ్ల ఆయుష్షు గల బామ్మర్దికి దీవెనలు.

ఆ పడుగును నేసేదానికి మా వీధిలో ఎవరూ మగ్గం కాడ కూచోము అన్నారు. నేను కూచుందామంటే, ఏడ్సేదానికి వచ్చినవాళ్లు నా కాళ్లు పట్టుకున్నారు. దాంతో పడుగు చుట్టి సంకన పెట్టుకోని, ఊరి బయట చర్చి కాడ శాంతయ్య మగ్గానికి పోయినా. "దీనికి అంచు లేదప్పా, భయమా?" అంటే ఆ ఇంటివాళ్లు నవ్వినారు. "మా పెండ్లికూతుర్లకు కట్టేదే తెల్లకోక. భయమేంటికి?" అనిరి.

మా వీధిలో పాడెది, వాళ్ల వీధిలో పెండ్లిది. నూలుకు తెలీదని నువ్వు రాసిన మాట నిజమే. ఒప్పుకుంటాండా, దీని మీద కరపత్రం వెయ్యొద్దు.

జెండా అయింది. పైన కాషాయం, కింద ఆకుపచ్చ అద్ది, చక్రం నీలిమందుతో అచ్చేసినాం. మీ అక్క ఒకసారి చూసి మడత పెట్టి ఇచ్చింది. నేసినవాళ్లకే ఇచ్చి పద్నాలుగున బస్సెక్కిస్తాండా. నేసిన చెయ్యే ఎగరేయాలనేది నీ నిబంధనే కదా.

ఇట్లు,
మీ బావ

తా.క. నీకు తాడు లేకుండా పోయెనే అని మీ అక్క బాధపడింది. నేను పడలే.


కర్నూలు,
16 ఆగస్టు

బావకు, అక్కకు నమస్కారాలు.

శాంతయ్య దిగుతాడని బస్సు కాడ నిలబడినాను. దిగింది ఆయన భార్య విశ్వాసమ్మ, సంకలో మూటతో. "శాంతయ్య యాడ?" అంటే, "ఆయన తెగిన పోగులు అతికినాడు. నేసింది నేను" అంది. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు సచ్చినావంటే నేను నమ్మలేదప్పా. సచ్చినోడు ఇన్ని ఉత్తరాలు రాయడు" అంది.

సాయంత్రం సంఘం కూడింది. ఒకరికి ఆమె ఆడది కావడం అభ్యంతరం. ఇంకొకరికి ఆమె పుట్టిన పేట, మరొకరికి ఆమె మతం. బానిసత్వానికి అదే ఆఖరి సాయంత్రం కదా, ఉన్నదంతా ఆ పూటే ఖర్చు పెట్టేయాలనుకున్నట్టున్నారు. హనుమన్న నన్ను పక్కకు పిలిచినాడు. "ఏమప్పా, ఆ నిబంధన ఒక్కటి కొట్టెయ్. తాడు నువ్వే లాగు. నీ చావు కూడా రద్దు చేస్తాం."

బావా, నేను తాడు వైపు చూసినాను. కొత్త తాడు, చేతికి బాగుండేది.

తర్వాత అందరి ముందరికి వచ్చి అడిగినాను: "ఈ పొద్దుకు నేను బతికున్నానా, చచ్చినానా?"

"తీర్మానం ప్రకారం చచ్చినావు" అన్నాడు హనుమన్న.

"అయితే చచ్చినవాడు నిబంధన ఎట్లా కొట్టేస్తాడు? అది నా ఆశయం. అక్షరాలా నెరవేరుస్తామని ప్రమాణం చేసింది నువ్వే. శవం ముందర మాట తప్పుతావా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరుస వరుసకూ పాకి హనుమన్న దాకా వచ్చింది. ఇక ఆయన చేసేదేం లేకపోయింది.

నిన్న పొద్దున విశ్వాసమ్మ తాడు లాగింది. కాషాయం పైనే ఉంది. పూర్తి కొయ్యకు పోయి విప్పుకుంది. అంచు లేదు కదా బావా, ఎక్కడ ఆగాలో తెలియనట్టే ఎగిరింది.

ఇట్లు,
కీర్తిశేషుడు ఉరుకుందప్ప

తా.క. జెండా మూలకు పసుపు ఉంది. అక్క నా మాట విననే లేదు. హనుమన్న వేలు పెట్టి చూపిస్తే, కాషాయం అంటుకుందని చెప్పినాను. సంఘంలో నేనాడిన మొదటి అబద్ధం అదే. చచ్చినాక ఆడింది కాబట్టి లెక్కలోకి రాదు.