వదులు మూతలు

మామయ్యా,

కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకోండి. మాత్ర తిన్నాకే వేసుకోవాలి. కుట్టిన బట్టల మూట కోసం షాపు మనిషి వస్తే తలుపు వెనకాల చూపించండి, మీరు మాత్రం ఎత్తకండి.

పొద్దున కత్తెర పట్టే చెయ్యి మళ్లీ కొంకర్లు పోయింది. చక్కెర డబ్బా ఎలా తియ్యాలిరా దేవుడా అనుకుంటూ వేలు ఆనిస్తే మూత ఊడొచ్చింది. అప్పుడు వెలిగింది నాకు. మీరు టీ పెట్టుకుని మూతలు గాలికొదిలేస్తున్నారని ఆర్నెల్లుగా ఎన్ని మాటలన్నాను! పైగా రోజూ పడుకునేముందు పంతం కొద్దీ అన్నీ నేనే బిగించేదాన్ని. తెల్లారకముందే లేచి మీరు వదులు చేసేవారన్నమాట, అదీ నలభై ఏళ్లు కత్తెర పట్టిన ఆ చేతులతో. మీ వేళ్లు నా వేళ్లకన్నా వంకర. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయేది?

ఇక నేను బిగించను. రేపట్నుంచి హాయిగా పడుకోండి.

మీ కోడలు

టీలో చీమ తేలితే తీసేసి తాగండి. నేనూ అలాగే తాగి వెళ్తున్నాను.