చేతులు కట్టుకున్న వరస

ప్రేమగల అక్కకు,

ఫోన్‌లో అయితే నీ గొంతు వినగానే మాట మార్చేస్తానని కాగితం మీద పెడుతున్నాను. మొన్న ఆదివారం నుంచి సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

ఆ రోజు పూజలో నా ప్రసంగంలో, మన కతోలిక శ్రీసభ చట్టం పేదకీ పెద్దకీ ఒకటే అన్నాను. పావుగంట తిరక్కుండానే నువ్వు ఏడేళ్లుగా వస్తున్నట్టే సత్ప్రసాదం అందుకోను, దీవెన చాలు అన్న గుర్తుగా చేతులు గుండెల మీద కట్టుకుని వరసలో వచ్చావు. నీ మొదటి పెళ్లి చెల్లదని శ్రీసభ తేల్చకుండానే రిజిస్ట్రారు ఆఫీసులో బావని చేసుకున్నావు కాబట్టి, సత్ప్రసాదపు అప్పం ఇవ్వకుండా తలమీద చేయి పెట్టి దీవించి పంపాను. నీ వెనకే మంత్రిగారు. మొదటి భార్య బతికే ఉంది, రెండో ఆవిడ పక్కనే ఉంది. అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన నోరు తెరిచాడు, నేను అప్పం నాలుక మీద పెట్టేశాను. ఆయన వెంట వచ్చిన కెమెరాల ముందు రభస ఎందుకనుకున్నాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, అది నేనే.

ఇంకొకటి. పెళ్లిళ్లు చెల్లుతాయో లేదో తేల్చే బిషప్‌గారి న్యాయస్థానంలో అర్జీలు తీసుకునేది నేనే కదా. మొదటి పెళ్లి విషయం తేల్చమని ఏడేళ్ల కిందట నువ్విచ్చిన అర్జీ రిజిస్టరులో ఎక్కనేలేదు. ఆ పెళ్లినాటికే నీ మొదటి భర్తకి వేరే భార్య ఉందన్న కాగితం జతచేశావు. నెలల్లో తేలిపోయేది. సొంత అక్కకి పని చేసిపెట్టాడంటారని బీరువాలో పడేశాను. నువ్వడిగినప్పుడల్లా "నడుస్తోందక్కా" అన్నాను.

వచ్చే ఆదివారం నీకు సత్ప్రసాదం ఇస్తాను. ఎవరేమన్నా అననీ.

నీ ముఖం చూడలేని
తమ్ముడు

*

ఒరే తమ్ముడూ,

చర్చిలో ఫాదర్‌వి, ఉత్తరంలో తమ్ముడివే. కాబట్టి తిడతాను.

మంత్రిగారికి పెట్టడం పక్కకి తప్పుకుంటూ చూశాను. ఇంటికొచ్చి కూర మాడబెట్టాను. మీ బావ ఆ మాడిందే తినేశాడు. కానీ నేను ఏడ్చింది నీ బీరువా మాట చదివాకే. మంచివాడివనిపించుకోవడానికి నన్ను ఏడేళ్లు నిలబెట్టావు. చట్టం నన్ను ఆపలేదురా, నువ్వు ఆపావు.

ఇప్పుడు జాలిపడి పెడతానంటావా? ఆయనకి భయపడి పెట్టావు, నాకు సిగ్గుపడి పెడతావు. నాకొద్దు. రేపే ఆ అర్జీ రిజిస్టరులో ఎక్కించి, వేరే ఫాదర్‌కి అప్పగించు. కాదని తీర్పొస్తే రానీ. కెమెరాలు లేనప్పుడు మంత్రిగారింటికి వెళ్లి, సత్ప్రసాదం కుదరదని నాకు చెప్పిన మాటే ఆయనకీ చెప్పు.

ఆదివారం నేను ఎప్పటిలాగే చేతులు కట్టుకుని వస్తాను. నా వెనక ఆయనా అలాగే వస్తే, నా తలమీద నీ చేయి బరువనిపించదు.

మీ అక్క